మంచుకట్ట మీద మైసమ్మ

చెరువు మత్తడి దుంకుతాందంటే మా వరంగల్లోళ్లకు కాళ్లు నిలవయ్. వానలు పడి, చెరువు నిండి, కట్ట పక్కనున్న రాతి మత్తడి మీదికెల్లి నీళ్లు పొర్లుతే సాలు, ఆడ జాతరే. మక్కకంకులు కాల్చెటోళ్లు, సెల్ఫీలు దిగెటోళ్లు, చీరె కుచ్చిళ్లు ఎత్తిపట్టి నీళ్లల్ల నిలబడెటోళ్లు. ఈ ఏడు సుత నేను పోయిన. మా కొత్తవాడ పిల్లలు నన్ను చెయ్యి పట్టి నీళ్లల్లకు గుంజిండ్లు. నేను ఒక్కడుగు ముందుకేసి రెండడుగులు ఎనుకకు ఏసిన.

"నీళ్లంటే భయమా తాతా? నౌకరంత నీళ్ల మీదనే చేసినవ్ గద!" అని ఒకటే నవ్వుడు.

భయం కాదు బిడ్డా. గుండెల కలుక్కుమన్నది. ఎందుకో ఆడ నిలబడి చెప్తే ఆ మోతల మీకు వినపడది. అందుకే కూసోని రాస్తాన. సదువుతే సదువుండ్రి, లేకుంటే మీ ఫోన్లు మీకున్నయ్.

నా పని చెరువుల లోతు కొలుసుడు. మన చెరువులు కాదు. హిమాలయాలల్ల, చెట్టు సుత మొలవని ఎత్తుల మీద, మంచు ఒడ్డున ఉండే చెరువులు. నౌకరి దొరికిన కొత్తల మా బాపు మగ్గం ఆపి అడిగిండు: "నీళ్లు కొలిసే నౌకరా? కొలిసి ఏం జేస్తరు, బిందెల లెక్క అమ్ముతరా?" మా బాపు జంపఖానాలు నేసే మనిషి. ఆయన నేసింది ఏదైనా సరే, కింద పరుసుకోవచ్చు, మీద కూసోవచ్చు. నా పని గట్ల చూపిచ్చుటానికి లేకపాయె. చివరికి ఎర్రగళ్ల జంపఖానా ఒకటి మడత పెట్టి చేతుల పెట్టి, "ఆడ సలి బాగుంటదట. కింద ఏసుకో" అన్నడు. ఇగ నేను ఎక్కడికి పోయినా అది నాతోనే వచ్చేది.

ఆ కొండలల్ల నేను చాన చెరువులు కొలిసిన. కని ఇప్పటికీ కలల్లకు వచ్చేది ఒక్కటే. దాని కాడికి ఏటేటా ఎండకాలం ఆఖరుకు పోయేది. సామాన్లు మోసెటోళ్లు మమ్ముల ఆడ దించి కిందికి పోయేది. ఇగ మిగిలేది ముగ్గురం. ఒకరు మా సారు. ఉత్తరాది ఆయన, మంచు సంగతి బాగ సదువుకున్న మనిషి. కోపం ముక్కు మీదనే ఉంటది, మనసు మాత్రం వెన్న. రెండు నేను. మూడు మా వంటన్న.

అన్న సొంతూరు పరకాల. ఇల్లాలు జబ్బు చేసి పోయింది, పిల్లలు లేరు. హన్మకొండల ఒక హోటల్ల వంట చేసెటోడు. ఆయన పప్పుచారు తిన్ననాడు నాకు అవ్వ యాదికొచ్చింది. సారును బతిమాలి మాతోని తీసుకపోయిన. ఆయనకు హిందీ రాదు, సారుకు తెలుగు రాదు. నేను నడుమ నిలబడి అటుదిటు ఇటుదటు చెప్పేది. ఈడ మాత్రం అందరి మాటలు మన మాటల్లనే రాస్తాన, లేకుంటే నాకే తిక్క లేస్తది.

మొదటిసారి కట్ట ఎక్కి చూసినప్పుడు ముగ్గురం నోరు తెరిసినం. ఆ నీళ్లు పాలపిట్ట రెక్క రంగుల ఉన్నయ్. నీలం అందామంటే పచ్చగ కొడ్తది, పచ్చ అందామంటే పాలు కలిపినట్టు ఉంటది. ఆ ఒడ్డున మంచు గోడ తెల్లగ నిలబడ్డది. ఈ ఒడ్డున, మేము నిలబడ్డ కాడ, రాళ్లు మన్ను కలిసి పోసినట్టు ఇంతెత్తు కట్ట.

"ఈ కట్ట ఎవరు పోసిండ్లు?" అని అడిగిండు అన్న. మన దిక్కు మనిషి గద, ఆయనకు కట్టంటే ఎవరో పోసిందే.

సారు ఆ సాయంత్రం చాయ్ తాక్కుంట చెప్పిండు. మంచు ఒక్కకాడ పడి ఉండదట. తన బరువుకు తనే జారుతది, చూస్తే కండ్లకు ఆనది. జారుకుంట జారుకుంట కింద రాయిని గీకుతది, తొలుస్తది. గీకిన రాళ్లు, మన్ను అంత ముందుకు నూకుతది. మన తాతల తాతలు పుట్టక ముందటి సంది అదే పని. ఇగ ఎండలు ముదిరి మంచు ఎనుకకు జరిగితే, తొలిసిన కాడ గుంత మిగుల్తది, నూకిన రాళ్లు అడ్డంగ మిగుల్తయ్. కరిగిన నీళ్లు వచ్చి ఆ గుంతల నిలుస్తయ్. ఆ రంగు ఎందుకంటే, మంచు కింద రాయి మీద రాయి రాసుకోని ఇసుర్రాయి కింద పిండి లెక్క మెత్తగైతది. ఆ రాతిపిండి నీళ్లల్ల తేలుతది, దాని మీద ఎండ పడ్తది.

అన్న అంత విని గిన్నె దించిండు. "అంటే మంచు గుత్తేదారన్నట్టు! గుంత తవ్వింది, కట్ట పోసింది, బిల్లు పెట్టకుండ పోయింది. గిసొంటి గుత్తేదారు మన జిల్లాల ఒక్కడున్నా సాలు గదనే తమ్మీ!"

నేను సారుకు చెప్పిన. సారు పొట్ట పట్టుకోని నవ్విండు. నవ్వి, కండ్లు తుడుసుకోని ఒక మాట అన్నడు. "పోయింది గని పూర్తిగ పోలే. ఆ కట్ట కడుపుల ఇంక మంచు దాగి ఉన్నది. పైన కనపడే రాళ్లు దుప్పటి అంతే."

ఆ మాట మేమిద్దరం విన్నం. నేనైతే తర్వాత యంత్రం పెట్టి ఆ మంచును కొలిసిన సుత. వినుడు వేరు, ఒంటికి ఎక్కుడు వేరు అని అప్పుడు తెల్వలే.

తెల్లారి అన్న నిలువు రాయి ఒకటి ఏరుకోని కట్ట మీద నిలబెట్టిండు. సంచిల కెల్లి పసుపు, కుంకుమ తీసి బొట్లు పెట్టిండు. "కట్ట ఉన్నకాడ మైసమ్మ ఉండాలె. తల్లి లేకుంటే కట్ట ఎట్ల నిలుస్తది?" సారు తల ఆడిచ్చిండు. కని రోజూ రబ్బరు పడవ దిక్కు పోయేటప్పుడు ఆ రాయిని చేత్తోని తాకి పోయేది. నేను చూసి చూడనట్టు ఉండేది.

అన్న రోజూ పొద్దున్నే ఆ రాయి ముందట నిలబడి దండం పెట్టి మొక్కేది. పరకాలల వాళ్లవ్వ ఏమని మొక్కేదో అదే మొక్కు: "నిండు తల్లీ. మత్తడి దుంకు తల్లీ. మా కడుపులు సల్లగుండాలె." చిన్నప్పటి సంది నోటికి అలవాటైన మాట. ఆ మాటల తప్పేమున్నదో ఆయనకు తట్టలే, నాకూ తట్టలే. నేను సుత పక్కన నిలబడి దండం పెట్టేది.

ఇప్పుడు గిర్ని సంగతి చెప్పాలె. మా చెరువుల కెల్లి నీళ్లు కట్ట అడుగు నుంచి ఊరి, చిన్న వాగై కిందికి పోయేది. ఆ వాగు ఒడ్డున, మా గుడారాల నుంచి దిగితే ఒక పూట లోపటి నడకల, నీళ్లతోని తిరిగే పిండిగిర్ని ఉండేది. దాన్ని నడిపేది ఒక్కతే ఆడమనిషి. మొగడు పోయిండు. గిర్ని పక్కన ఇంకో రెండిండ్లు. వాళ్లు తెచ్చే బార్లీ, గోధుమలు, ఇంకా కింది ఊర్లోళ్లు తెచ్చేది ఆమె పట్టి ఇచ్చేది. ఆ గిర్ని పోతే ఆమెకు ఇంకో బతుకు లేదు. మేమంత ఆమెను అక్క అనేది. మా అన్న ఒక్కడు అక్క అనకపోయేది. నాకు అప్పుడే అనుమానం రావాల్సుండె.

పిండి తెస్తనని పోతే తొందరగ రాకపోయేది. పిండి నిండ ఉన్ననాడు ఉప్పు కావాలని పోయేది. ఉప్పు తెచ్చినంక జల్లెడ మరిచిన్నని మల్ల పోయేది.

"అన్నా, జల్లెడ నీ సంచిలనే ఉన్నది గదనే?"

"అది పాతది. నీకేం ఎరుక, నువ్వు నీళ్లు కొలుసుకో."

ఆయనకు హిందీ రాదు, ఆమెకు తెలుగు రాదు. ఏం మాట్లాడుకుంటండ్లని నేను ఒకసారి ఎంటపోయిన. ఆమె గింజలు పోస్తాంది, ఈయన పిండి ఎత్తుతాండు. ఇద్దరూ మాట్లాడుతలేరు. గిర్ని రాయి తిరిగే సప్పుడే. నేనే నడుమ ఎందుకొచ్చిన్ననిపిచ్చింది.

ఆ ఆఖరు ఏడు ఎండలు బాగ కొట్టినయ్. మంచు తీరుతెన్ను లేకుండ కరిగింది. చెరువు నిండుకుంట వస్తాంది. సారు గుడారంల పడ్డడు, ఎత్తుల మీద వచ్చే తలనొప్పి, వాంతులు. నేను ఒడ్డున పడవకు గాలి కొడ్తాన. పొద్దు అప్పుడే ఎక్కుతాంది. కట్ట మీదికెల్లి అన్న కేక.

"తమ్మీ! దుంకుతాందిరో! మత్తడి దుంకుతాంది!"

నా కాళ్లు నన్ను అడుగలే. పంపు ఇసిరేసి ఉరికిన. కట్ట జర వంగి ఉన్న ఒక్కకాడ, అరచెయ్యంత మందంల, పాలపిట్ట రంగు నీళ్లు మీదికెల్లి అవతలికి పోతానయ్. ఎంత ముద్దుగున్నదో ఏం చెప్పాలె! అన్న కండువ పరిసి పట్టిండు. "చేపలు ఎదురెక్కుతయ్ సూడు!" ఆ మంచు నీళ్లల్ల చేప కాదు గద, చేప పొలుసు సుత లేదు. అయినా ఇద్దరం కండువ చెరొక కొస పట్టి నిలబడ్డం. ఒకరి మీద ఒకరం నీళ్లు సల్లుకున్నం. నేను యాభై దగ్గర పడ్డ మనిషిని, ఈల ఏసిన. అన్న పోయి బెల్లమన్నం వండిండు. మైసమ్మకు పెట్టిండు. "నా మొక్కు ఇన్నది సూడు తల్లి!" అన్నడు, ఆయన కండ్లల్ల నీళ్లు.

నేను గిన్నెల బెల్లమన్నం పట్టుకోని సారు గుడారంలకు పోయిన.

"ఏం పండుగ?" అని అడిగిండు సారు, పండుకునే.

"చెరువు నిండి పొర్లుతాంది సార్!" అని చెప్పిన. గొప్పగ చెప్పిన.

సారు చేతిల చెంచ ఆగింది. ఉత్త కాళ్లతోనే బయటికి ఉరికిండు. నేను ఎనుక పోయిన. అప్పటికి అరచెయ్యంత నీళ్లు మోకాలు లోతైనయ్. పాలపిట్ట రంగు పోయి చాయ్ రంగు వచ్చింది. సారు ఒర్రలే. ఒర్రినా బాగుండు.

"ఆ కట్టల ఏమున్నదో కొలిసింది నువ్వే గద," అన్నడు.

అప్పుడు ఎక్కింది నాకు. మన మత్తడి రాయి బిడ్డా. ఎంత దుంకినా రాయి రాయే. ఈడ నీళ్లు పారుతే కింద మంచు కరుగుతది. కరిగితే తొవ్వ లోతైతది. లోతైతే నీళ్లు ఇంకా ఎక్కువొస్తయ్. ఆపెటోడు లేడు. మేము ఈలలు ఏసుకుంట, అన్నం వండుకుంట కూసున్నదంత కింద గిర్ని కాడ ఉన్నోళ్లు తప్పుకునే టైము.

సారు వైర్లెస్సుల కింద దూరం ఊరి పోలీసు చౌకీకి చెప్పిండు. వాళ్లకు టైమున్నది, తప్పుకుంటరు. కని నడుమ గిర్ని, ఆ రెండిండ్లు. వాళ్లకు ఫోన్ లేదు, వైర్లెస్సు లేదు. సారు నిలబడలేక రాయి పట్టుకోని కూలబడ్డడు. నేను పోతనని లేసిన. అన్న అప్పటికే బూట్లు కడ్తాండు.

"సారును ఇడిసి నువ్వెట్ల పోతవ్? ఆ తొవ్వ నాకంటే ఎవనికి ఎరుకనే?" అన్నడు. ఆ మాటకు ఇంకోనాడైతే నవ్వేటోన్ని. పోయేముందు మైసమ్మ రాయి దిక్కు తిరిగి, "దుంకుమన్న గని, గిట్లనా తల్లీ!" అని తిట్టి, దిగి ఉరికిండు.

నేను సారును పట్టుకోని గుట్ట మీదికి ఎక్కిచ్చిన. మేము చూస్తాంటెనే కట్ట నోరు తెరిసింది. మొదలు మైసమ్మ రాయి పోయింది. తర్వాత ఇల్లంత ఇల్లంత బండలు. భూమి అదిరింది. ఆ వాసన నేను మరువ, బాయి తవ్వినప్పుడు వచ్చే పచ్చి మన్ను వాసన. పాలపిట్ట రంగు చెరువు మా కండ్ల ముందటనే కుంగి కుంగి పోయింది. చివరికి బురద, ఆ బురదల కూలబడ్డ మంచు గడ్డలు. ఎన్నేండ్లు కొలిసిన్ననో ఆ లోతు, అంత ఉత్త గుంత. కింద వాగు వంక తిరిగిన కాడ ఏమైతాందో కనపడది. నేను అన్నా అన్నా అని ఒర్రుకుంట ఏడ్సిన. ఆ మోతల నా గొంతు నాకే వినపడలే.

ఆనాడు కదులుటానికి లేకపాయె. తెల్లారి సారుకు భుజం ఆసరిచ్చుకుంట, వాగుకు దూరంగ, గుట్టల మీదికెల్లి దిగినం. గిర్ని ఉన్నకాడికి చూస్తే గిర్ని లేదు. ఇండ్లు లేవు. ఆడ ఒక ఇల్లు ఉండెనన్న గుర్తు సుత లేదు. సారు నా చెయ్యి గట్టిగ పట్టుకున్నడు. అప్పుడు పైన, గొర్రెల దొడ్డి కాడ, పొగ కనపడ్డది.

ఎక్కి చూస్తే, రెండిండ్లోళ్లు ముసలి ముతక పిల్లా జెల్లా అందరున్నరు. నడుమ పొయ్యి కాడ మా అన్న రొట్టెలు కాలుస్తాండు. నెత్తికి గుడ్డ కట్టు, కట్టు మీద నెత్తురు. గిర్ని ఆమె ఆయనకు ఈపు పెట్టి కూసున్నది.

నేను పోయి పట్టుకున్న. "నెత్తికేమైంది అన్నా? రాయి తగిలిందా?"

"రాయి కాదు. కట్టె," అన్నడు. ఇగ చెప్పిండు.

"పోయిన. చెరువొస్తాంది, లెవ్వు అన్న. నాకొచ్చిన రెండు హిందీ ముక్కలల్ల అన్న. ఆమె నవ్వింది. మొన్న ఉప్పని వచ్చినవ్, నిన్న జల్లెడని వచ్చినవ్, ఇయ్యాల చెరువొస్తాందా, పోయి వంట చేసుకో పో అన్నట్టు చెయ్యి ఊపింది. దండం పెట్టిన. కాళ్లు మొక్కిన. ఇనదాయె! ఇంకా నవ్వవట్టె. ఏం జెయ్యాలె తమ్మీ? పొద్దటి సంది పట్టిన పిండి బస్తా గడప కాడ ఉన్నది. భుజానికెత్తుకోని గుట్ట మీదికి లంకించుకున్న."

"దొంగతనమా!"

"దొంగతనమే. ఆమె దొంగ దొంగని ఎనుక ఉరికింది. ఆ కేకలకు రెండిండ్లోళ్లు కట్టెలు పట్టుకోని బయలెల్లిండ్లు. నాకు కావల్సింది గదేనాయె. ఆగితే పాయె, దొరికితే పాయె. బస్తా మోసుకోని ఎక్కిన ఎక్కిన, ఊపిరి ఆడలే. ఈడికి వచ్చినంక గా ముసలాయన అందుకోని నెత్తి మీద ఒక్కటి ఇచ్చిండు. ఇంకోటి ఇద్దామని కట్టె ఎత్తిండు. అప్పుడే కింద గుర్రుమన్నది."

ముసలాయన సిగ్గుపడి తల వంచుకున్నడు. సారు అన్నను కావలిచ్చుకోని చాన సేపు ఇడువలే. గిర్ని ఆమె అప్పుడు ఈ దిక్కు తిరిగింది. "మీరంత పొగుడుతాన్రు గని వీడు పిండి దొంగ," అన్నది. ముసుగు అడ్డం పెట్టుకోని ఏడ్సింది. గిర్ని పోయె మరి, ఏడ్వదా?

మేము దిగిపోయే రోజు అన్న సామాను సదురలే.

"పిండి ఎత్తుకపోయినోన్ని. గిర్ని నిలబెట్టిచ్చి రావద్దా? పక్క లోయల ఇంకో వాగున్నదట. బతుకమ్మ వరకు వస్త, నువ్వు పో తమ్మీ."

నేను బాపు జంపఖానా ఇచ్చిన. "సలి బాగుంటది. కింద ఏసుకో" అన్న. బాపు మాటే నా నోట్లకెల్లి వచ్చింది.

బతుకమ్మ వచ్చింది, పోయింది. ఎన్ని బతుకమ్మలో పోయినయ్. సారు సుత నౌకరి దిగి ఆయన ఊరు పోయిండు. దిగేముందు నాతోని ఒకనాడు అన్నడు: "నీది ఒక్కనిదే తప్పు కాదు. ఆ ముందటి సాయంత్రం నేను లేశి చూడాల్సుండె. కని ఒకటి చెప్పు, నిజంగనే ఆ నీళ్లల్ల చేపలు పట్టిండ్లా?" పట్టినమని చెప్పిన. ఇద్దరం నవ్వినం.

ఆ కొండల మీద ఉన్నన్ని రోజులు అన్నకు పరకాల యావే. మా చెరువు, మా కట్ట, మా మక్కకంకులు అని పండుకునే దాక అదే ముచ్చట. ఇసుగొచ్చి, "ఊకో అన్నా, కండ్ల ముందట ఇంత ముద్దుగ చెరువున్నది, దాన్ని చూడు" అనేది నేను. ఇప్పుడు నేను ఈడున్న. రిక్షలు, హారన్లు, మగ్గాల సప్పుడు. చాయ్ తాక్కుంట కండ్లు మూస్తే పాలపిట్ట రంగు. నాకు ఆ చెరువు కావాలె. అది లేదని ఎరుకే, అయినా కావాలె. ఆ సలి కావాలె. ఆ పొయ్యి కాడ అన్న తిట్లు కావాలె. డాక్టర్ అన్నడు, ఆ ఎత్తుకు పోతే నీ గుండె ఆగుతదని. పోకున్నా ఏదో ఒకనాడు ఆగేదే గద డాక్టర్ సాబ్ అని చెప్పిన. ఆయనకు నవ్వు రాలే.

పిల్లలు నన్ను మత్తడి కాడ గుంజిన రోజు జేబుల ఫోన్ మోగింది. ఇప్పుడు ఆ లోయలల్ల సుత సిగ్నల్ వచ్చింది. ఏటా వానలు పడంగనే అన్న ఫోన్ చేస్తడు.

"తమ్మీ, దుంకిందా?"

"దుంకుతాందన్నా. దాని ముందటనే ఉన్న."

"పరకాలల?"

"ఆడ సుత నిండిందట."

ఎనుక నుంచి ఆమె ఏదో అన్నది, పిండి దొంగ అన్న మాట నాకు వినపడ్డది. జంపఖానా మీద గోధుమలు ఆరబోస్తాందట. తర్వాత ఆయన గొంతు తగ్గించి చెప్పిండు. మంచు ఇంకా ఎనుకకు జరిగిందట. మన పాత గుంతకు పైన, మంచు మూతి కాడ, కొత్తగ నీళ్లు నిలుస్తానయట.

"ఎంత ఉంటది?"

"కుంటంత. గదే రంగు తమ్మీ. అచ్చం గదే రంగు. సారుకు చెప్పు, ఎవరినన్న పంపి కొలిపియ్యిమను."

"చెప్త. నువ్వు రా అన్నా ఒక్కసారి. ఒక్కసారన్న వచ్చి పో."

"గిర్ని ఎవరు చూస్తరు? నువ్వే రా."

"డాక్టర్ వద్దన్నడు."

మల్ల నేనే అడిగిన, "మైసమ్మను పెట్టినవా?"

"పెట్టిన."

"ఏమని మొక్కినవ్?"

"దుంకకు తల్లీ అని మొక్కిన. నోరు తిరుగలే తమ్మీ. మా అవ్వ వింటే తంతది. రోజూ మొక్కుతాన, రోజూ నోరు తిరుగుత లేదు."

నేను పెట్టేద్దామని ఫోన్ చెవి కాడికెల్లి తీసిన. తీసేలోపు ఆయన గొంతు మల్ల వచ్చింది.

"తమ్మీ, పెట్టకు. ఫోన్ జర నీళ్ల దిక్కు పట్టరాదు. ఆ సప్పుడు ఇనని."

నేను పిల్లల నడుమకెల్లి పోయి, మోకాళ్ల దాక నీళ్లల్లకు దిగి, చెయ్యి సాపి మత్తడి దిక్కు పట్టిన. చెయ్యి గుంజుతాంది. పిల్లలు "ఏం చేస్తానవ్ తాతా?" అని అడుగుతాన్రు. మార్చి ఇంకో చెయ్యితోని పట్టిన.